పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు: జోడించిన సిమ్యులేటర్లలో జాప్యం

వేర్వేరు ఊళ్లలో ఉన్న శిక్షణ సిమ్యులేటర్లను నెట్‌వర్కుతో కలిపి, అందరూ ఒకే అభ్యాసంలో పాల్గొనేలా చేయడం గురించి గత సంచికలో రాసిన వ్యాసానికి చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో ఎక్కువ భాగం జాప్యం గురించినవే కనుక ఈ నెల శీర్షికను ఆ ఒక్క విషయానికే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: మా తమ్ముడు ఫోనులో ఆడే ఆటల్లో కూడా వంద మంది ఒకేసారి పాల్గొంటారు. పింగ్ (సందేశం పోయి వచ్చే సమయం) 40 మిల్లీసెకన్లు దాటితే విసుక్కుంటాడే తప్ప ఆట సాగిపోతుంది. అలాంటప్పుడు శిక్షణ సిమ్యులేటర్లను జోడించడం అంత కష్టమైన విషయమని మీరు రాయడం అతిశయోక్తి కాదా? (ఇంజనీరింగ్ విద్యార్థిని, కాకినాడ)

జవాబు: ఆటకూ శిక్షణకూ మధ్య తేడా సాంకేతికతలో కంటే ప్రయోజనంలో ఉంది. ఆటలో కంపెనీ సర్వరు ఒకటి మధ్యలో ఉండి ఏది నిజమో తేలుస్తుంది, ఆడేవాడికి కథ నమ్మదగినట్లుగా కనిపిస్తే చాలు. శిక్షణలో మాత్రం సిమ్యులేటరులో చేతికి పట్టిన అలవాటే రేపు నిజమైన విమానంలోకీ ట్యాంకులోకీ వెళుతుంది. ఎదుటి విమానం ఎప్పుడూ పావు సెకను ఆలస్యంగా కదులుతుంటే శిక్షణార్థి తనకు తెలియకుండానే ఆ పావు సెకనుకు తగిన అలవాటు చేసుకుంటాడు. దాన్ని తర్వాత మాన్పించడం కొత్తగా నేర్పడం కన్నా కష్టం.

అయితే ఈ రెండు రంగాల మూలాలు దగ్గరివే. అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా 1983లో సిమ్‌నెట్ అనే పథకాన్ని మొదలుపెట్టింది. జాక్ థార్ప్ అనే వైమానిక దళ అధికారి దానికి సారథి. ఇంటర్నెట్‌కు ముందుతరమైన ఆర్పానెట్ నిర్మాణంలో పేరొందిన బీబీఎన్ సంస్థ నెట్‌వర్కు పని చూసింది. కెంటకీలోని ఫోర్ట్ నాక్స్ వంటి స్థావరాలలో ఎం1 ట్యాంకు సిమ్యులేటర్లను వరుసగా పెట్టి, వాటిని ఈథర్‌నెట్‌తోనూ, దూరపు స్థావరాలను అద్దె లైన్లతోనూ కలిపారు. నాటి లైన్ల సామర్థ్యం నేటి ఇంటి కనెక్షన్ ముందు ఏ మూలకూ చాలదు. ఆ ఇరుకులోంచే ఈ రంగానికి నేటికీ పునాదిగా నిలిచిన రెండు ఆలోచనలు పుట్టాయి. మొదటిది, మధ్యలో పెద్ద కంప్యూటరు ఉండదు, ప్రతి సిమ్యులేటరూ తన వాహనం గురించిన నిజానికి తానే బాధ్యత వహిస్తుంది. రెండవది డెడ్ రెకనింగ్: ప్రతి ట్యాంకూ తన స్థానాన్ని క్షణక్షణమూ చాటించుకోదు. తన స్థానంతో పాటు వేగాన్నీ దిశనూ ఒకసారి పంపుతుంది, మిగిలిన వారందరూ ఆ లెక్క ప్రకారమే దాన్ని ముందుకు నడిపిస్తూ ఉంటారు. పంపిన సిమ్యులేటరు కూడా అదే లెక్కను తన దగ్గర నడుపుతూ, లెక్కకూ నిజానికీ మధ్య తేడా ఒక హద్దు దాటినప్పుడు మాత్రమే కొత్త సమాచారం పంపుతుంది.

ఈ ఆలోచనలే తర్వాత డిస్ (డిస్ట్రిబ్యూటెడ్ ఇంటరాక్టివ్ సిమ్యులేషన్) అనే ప్రమాణంగా స్థిరపడ్డాయి. ఇంజనీర్ల అంతర్జాతీయ సంఘమైన ఐఈఈఈ ఇచ్చిన 1278 సంఖ్యతో అది 1993లో వెలువడి 1995లో విస్తరించింది. అందులో ఆ హద్దుకు మామూలు విలువ స్థానంలో 1 మీటరు, దిశలో 3 డిగ్రీలు. ఏమీ మారకపోయినా 5 సెకన్లకొకసారి ప్రతి వాహనమూ తన ఉనికి చాటాలి, 12 సెకన్ల పాటు కబురు లేకపోతే మిగిలిన వారు దాన్ని రంగం నుంచి తొలగిస్తారు. జాప్యానికి కూడా ఆ ప్రమాణంలో లెక్క ఉంది. దగ్గరగా ముడిపడిన చర్యలకు, అంటే విమానాలు దగ్గరదగ్గరగా జట్టు కట్టి (ఫార్మేషన్‌లో) ఎగరడం వంటివాటికి, ఒక సిమ్యులేటరు ప్రోగ్రాము నుంచి మరొక సిమ్యులేటరు ప్రోగ్రాముకు 100 మిల్లీసెకన్లు మించరాదు. దూరదూరంగా ఉండే వాటికి 300 వరకు అనుమతి ఉంది. గంటకు 900 కిలోమీటర్ల వేగంతో పోయే విమానం 100 మిల్లీసెకన్లలో 25 మీటర్లు ముందుకు వెళ్తుందనీ, 60 కిలోమీటర్ల వేగంతో పోయే ట్యాంకు రెండు మీటర్లయినా కదలదనీ గుర్తుంచుకుంటే ఈ రెండు అంకెలు ఎందుకు వచ్చాయో బోధపడుతుంది.

ప్రశ్న: హైదరాబాదులోనూ ఢిల్లీలోనూ ఉన్న మా రెండు విమాన సిమ్యులేటర్లను డిస్ పద్ధతిలో కలిపాము. పింగ్ 32 మిల్లీసెకన్లు. సెషన్ మొదట్లో ఫార్మేషన్ చక్కగానే ఉంటుంది. రెండు మూడు గంటలు గడిచేసరికి, మలుపులు తీసుకున్నప్పుడల్లా మా వైపు తెరపై ఢిల్లీ విమానం కుదుపులతో కదులుతుంది. ఢిల్లీ వారు తమకు అంత ఇబ్బంది లేదంటున్నారు. లింకు 10 ఎంబీపీఎస్ నుంచి 100కు పెంచమని సలహా ఇస్తే పెంచాము. పెద్ద మార్పేమీ కనబడలేదు. తప్పు ఎక్కడుంది? (సిమ్యులేటర్ నిర్వహణ ఇంజనీరు, హైదరాబాదు)

జవాబు: లింకు పెంచమన్నవారు ముందుగా ఒక చిన్న గుణకారం చేసి ఉండవలసింది. డిస్‌లో ఒక వాహనపు స్థితి తెలిపే సందేశం 144 బైట్లు. రవాణా కోసం అతికించే యూడీపీ, ఐపీ, ఈథర్‌నెట్ శీర్షికలు కలిపితే 190 బైట్లవుతుంది. ఒక విమానం సెకనుకు 60 సార్లు పంపినా 91 కిలోబిట్ల దగ్గర ఆగుతుంది, సందేశాలను రహస్య లిపిలో చుట్టి పంపడానికి మరికొంత కలుపుకున్నా అంతే. మీ పాత 10 ఎంబీపీఎస్ లింకులో వంద విమానాలు పట్టేవి. వేల వాహనాలు పాల్గొనే అభ్యాసాలలో కూడా ముందుగా ఊపిరి సలపనిది సాధారణంగా లింకుకు కాదు, సెకనుకు ఇన్ని వేల చిన్న పాకెట్లను, అంటే సందేశపు పొట్లాలను, విప్పి చూడవలసిన కంప్యూటరుకు. అందుకే పెద్ద అభ్యాసాలలో రంగాన్ని ప్రాంతాలుగా విభజించి, ఎవరికి కావలసినది వారికే అందేలా మల్టీకాస్ట్ వాడతారు. మీవి రెండే విమానాలు కనుక ఆ గొడవ మీకు లేదు.

ఇక 32 మిల్లీసెకన్ల పింగ్ సంగతి. అది పోయి వచ్చే సమయం, అంటే ఒక వైపుకు ఉజ్జాయింపుగా 16. హైదరాబాదు నుంచి ఢిల్లీకి గాలిలో సుమారు 1,250 కిలోమీటర్లు. గాజు తీగలో కాంతి ఒక కిలోమీటరుకు 5 మైక్రోసెకన్లు తీసుకుంటుంది కనుక, ఎంత డబ్బు పోసినా 6 మిల్లీసెకన్ల కన్నా తగ్గించలేరు. తీగ వంకరలూ రౌటర్లూ కలిపితే 16 సబబైన అంకెయే. ఇప్పుడు మిగిలిన దారి చూడండి. సిమ్యులేటర్లు 60 హెర్ట్జ్‌తో, అంటే సెకనుకు 60 ఫ్రేములతో, నడుస్తున్నాయనుకుందాం. పంపే వైపు ఒక ఫ్రేము, అంటే 17 మిల్లీసెకన్లు, లెక్కలకు పోతుంది. వచ్చిన పాకెట్ తర్వాతి ఫ్రేము మొదలయ్యేదాకా 0 నుంచి 17 వరకు వేచి ఉంటుంది. దృశ్యం గీసే యంత్రం రెండు మూడు ఫ్రేములు, ప్రొజెక్టరు మరొకటి తీసుకుంటాయి. మొత్తం 100 దరిదాపులకు చేరిన ఆ జాప్యంలో మీ లింకు వాటా 16 మాత్రమే. ఇది కొత్త సంగతి కాదు. ఒంటరి సిమ్యులేటరులోనే పైలట్ చేతి కదలికకూ దృశ్యం కదలికకూ మధ్య అమెరికా పౌరవిమాన నియమాలు ఎంతోకాలం పై స్థాయి సిమ్యులేటర్లకు 150 మిల్లీసెకన్లు అనుమతించాయి. నెట్‌వర్కు ఇంజనీరు ఒక మిల్లీసెకను తగ్గించడానికి తల బద్దలు కొట్టుకుంటుంటే, పక్క గదిలో ప్రొజెక్టరు అమరికలోని ఒక అనవసరపు ఎంపిక పదిహేడింటిని మింగేస్తూ ఉండవచ్చు.

అయితే ఈ స్థిరమైన జాప్యం మీ వ్యాధికి కారణం కాదు. అదే కారణమైతే కుదుపు సెషన్ మొదట్లోనూ ఉండాలి, ఢిల్లీలోనూ ఉండాలి. గంటలు గడిచేకొద్దీ పెరగడం, ఒక్క వైపే కనబడడం అనే రెండు లక్షణాలూ గడియారాలనే వేలెత్తి చూపుతున్నాయి.

డిస్ సందేశంలో దాని సమయం తెలిపే టైమ్‌స్టాంప్ ఒకటి ఉంటుంది. దాని చివరి బిట్ 1 అయితే అది ఇరువైపులా ఒకే గడియారానికి సరిచూసిన సమయమనీ, 0 అయితే పంపినవారి సొంత గడియారం మాత్రమేననీ అర్థం. మొదటి పద్ధతిలో అందుకున్న సిమ్యులేటరు సందేశం వయస్సెంతో లెక్కగట్టి, అంత మేర విమానాన్ని ముందుకు జరిపి చూపిస్తుంది. 25 మీటర్ల వెనుకబాటు మాయమయ్యేది ఈ లెక్కవల్లనే. కానీ ఎవరో ఆ బిట్‌ను 1 చేసి, గడియారాలను నిజంగా సరిచూడడం మరచిపోతే? మామూలు కంప్యూటరులో గడియారాన్ని నడిపే స్ఫటికం పది లక్షల వంతులలో 20 వంతులు తేడాగా నడవడం చాలా సాధారణం. అది గంటకు 72 మిల్లీసెకన్లు, మూడు గంటలకు 216. మీ గడియారం ముందుకు జరిగిందనుకుంటే, ఢిల్లీ నుంచి 16 మిల్లీసెకన్లలో వచ్చిన సందేశాన్ని మీ యంత్రం 232 మిల్లీసెకన్ల పాతదిగా భావించి, అంత దూరం ఊహించి ముందుకు నడిపిస్తుంది. నేరుగా ఎగిరేటప్పుడు ఊహ తప్పదు. భూమ్యాకర్షణకు ఐదు రెట్ల త్వరణంతో (5 జీ) మలుపు మొదలైనప్పుడు, ఆ త్వరణం ఇంకా లెక్కలోకి రాని క్షణంలో, తప్పు కాలం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 16 మిల్లీసెకన్లకు అది సెంటీమీటరు కూడా లేదు, 232కు సుమారు 1.3 మీటర్లు. కొత్త సందేశం రాగానే విమానం సరైన చోటికి గెంతుతుంది. అదే మీరు చూస్తున్న కుదుపు. ఢిల్లీ వైపు సందేశాలు భవిష్యత్తు నుంచి వచ్చినట్లు కనబడతాయి. చాలా ప్రోగ్రాములు అలాంటి సున్నా కన్నా తక్కువ వయస్సును సున్నాగా తీసుకుంటాయి కనుక వారికి కుదుపు తెలియదు. కానీ వారు మీ విమానాన్ని ఉన్నచోటు కన్నా వెనుక చూస్తున్నారు.

దీన్ని నిర్ధారించుకోవడానికి ఖరీదైన పరికరం అక్కరలేదు. రెండు విమానాలనూ పక్కపక్కనే ఒకే వరుసలో నిలిపి, స్తంభింపజేసి, శిక్షకుడి స్థానం నుంచి ఒకేసారి వదలండి. ఆటోపైలట్‌పై ఒకే వేగంతో నేరుగా పోనివ్వండి. ఇద్దరూ ఎదుటివారు తమకు వెనుక ఉన్నారంటే జాప్యాన్ని ఎవరూ సరిదిద్దడం లేదు, బహుశా ఆ బిట్ 0గానే ఉంది. ఒకరు ఎదుటివాడు ముందున్నాడనీ మరొకరు వెనుకున్నాడనీ అంటే గడియారాల తేడా. చిత్రమేమిటంటే రెండో సందర్భంలో ఇద్దరి దృశ్యాలూ ఒకదానితో ఒకటి సరిపోతాయి. ఢిల్లీ విమానం ముందుందనే ఇద్దరూ అంటారు, కనుక పైలట్లు ఫిర్యాదు చేయరు. మూడో సిమ్యులేటరు చేరినప్పుడో, లాగ్‌లు పక్కపక్కన పెట్టి చూసినప్పుడో మాత్రమే అసలు సంగతి బయటపడుతుంది.

నివారణకు రెండు స్థావరాలలోనూ ఒక్కొక్క జీపీఎస్ రిసీవరును పెట్టి, అక్కడి యంత్రాలను దాని నుంచి నెట్‌వర్కు మీదుగా గడియారాలను సరిచూసే పద్ధతులైన పీటీపీతో గానీ కనీసం స్థానిక ఎన్‌టీపీతో గానీ సరిచూడడం మేలైన మార్గం. ఒకే ఎన్‌టీపీ సర్వరును దూరపు లింకు మీదుగా వాడినా పని జరుగుతుంది. కానీ పోయే దారీ వచ్చే దారీ సమానంగా లేకపోతే ఆ తేడాలో సగం మీ గడియారంలో తప్పుగా కూర్చుంటుంది.

గడియారం సరిచేశాక కూడా కొంచెం కుదుపు మిగిలితే మరో మూడు చోట్ల వెతకండి. మొదట డెడ్ రెకనింగ్ హద్దు: రెక్కకు రెక్క ఆనించి ఎగిరే అభ్యాసంలో 1 మీటరు అంటే చాలా మొరటు విలువ, దాన్ని పదో వంతుకు తగ్గించండి. బ్యాండ్‌విడ్త్ ఎలాగూ ఖాళీగా ఉంది. తర్వాత వాడుతున్న సూత్రం: ప్రమాణంలోని రెండో నంబరు సూత్రం స్థిర వేగాన్నే తీసుకుంటుంది, నాలుగోది త్వరణాన్నీ భ్రమణాన్నీ కూడా లెక్కిస్తుంది. యుద్ధవిమానానికి రెండోది తగదు. చివరగా రౌటరు దగ్గర పాకెట్లు వేచి ఉండే వరుస. మీరు పింగ్ కొలిచింది లింకు ఖాళీగా ఉన్నప్పుడా, లేక ఎవరో నిన్నటి సెషన్ వీడియోను ఢిల్లీకి కాపీ చేస్తున్నప్పుడా? 10 ఎంబీపీఎస్ లింకు ముందున్న రౌటరులో ఒక మెగాబైటు బఫరు నిండితే, వెనుక వచ్చిన ప్రతి చిన్న పాకెట్టూ 0.8 సెకను ఆగవలసిందే, టోల్‌గేటు దగ్గర ఇసుక లారీల వెనుక చిక్కిన ఆంబులెన్సులాగా. లింకు పెంచితే ఈ ఒక్క బాధ మాత్రం తగ్గుతుంది, పోదు. సిమ్యులేటరు పాకెట్లకు రౌటరులో ప్రత్యేక వరుస కేటాయించడమే దానికి మందు. ఇందువల్లనే సగటు పింగ్ అంకెను నేను పెద్దగా నమ్మను. నూటికి ఒకటిగా వచ్చే అతి ఆలస్యపు పాకెట్ ఎంత ఆలస్యంగా వచ్చిందో చెప్పే అంకె కావాలి.

ఒక హెచ్చరిక. చాలా ప్రోగ్రాములలో గెంతును కనబడకుండా చేసే స్మూతింగ్ సదుపాయం ఉంటుంది. విమానాన్ని సరైన చోటికి ఒక్కసారిగా కాక అర సెకను పాటు మెల్లగా జరుపుతుంది. తెర అందంగా ఉంటుంది గానీ ఆ అర సెకనూ విమానం లేని చోట ఉన్నట్లు కనబడుతుంది. పరీక్ష జరుగుతున్నంతసేపూ దాన్ని ఆపివేయండి.

ప్రశ్న: ఒక్క పాకెట్ కూడా పోకుండా చూసే టీసీపీ అనే రవాణా పద్ధతి ఉండగా, పోయినా పట్టించుకోని యూడీపీని ఇంత ముఖ్యమైన పనికి ఎందుకు వాడుతున్నారు? (అధ్యాపకుడు, వరంగల్)

జవాబు: పోయిన పాకెట్టును మళ్లీ తెచ్చేసరికి దానికి విలువ ఉండదు. విమానం ఎక్కడుందో చెప్పే తాజా సందేశం వచ్చి చేరాక పాతదానితో పని లేదు. టీసీపీ మాత్రం పాతది దొరికేదాకా తాజాదానిని ప్రోగ్రాము చేతికివ్వదు. పైగా చిన్న సందేశాలను పోగుచేసి పంపే నేగల్ పద్ధతి, అందిందనే జవాబును కాసేపు ఆపి పంపే మరో పద్ధతి ఎదురెదురు పడితే 200 మిల్లీసెకన్ల వరకు ఊరికే పోవచ్చు. 1984లో జాన్ నేగల్ దాన్ని ప్రతిపాదించింది ఒక్కో అక్షరానికీ ఒక్కో పాకెట్ పంపే టెర్మినళ్ల రద్దీని తగ్గించడానికి. వేరే దారి లేక టీసీపీనే వాడవలసి వస్తే ఆ పోగుచేత ఆపివేయండి. ఇక అభ్యాసం మొదలు, ముగింపు, ఆయుధాల నింపకం వంటి ఒక్కసారే జరిగే ఆజ్ఞలు పోకూడదు. వాటికి నమ్మకమైన రవాణాయే తగినది. సిమ్యులేటర్లను కలపడానికి 2000లో ఐఈఈఈ 1516గా వచ్చిన మరో ప్రమాణమైన హెచ్‌ఎల్‌ఏ (హై లెవెల్ ఆర్కిటెక్చర్) ఈ రెండు రకాల రవాణాలనూ సమాచారాన్ని బట్టి ఎంచుకోనిస్తుంది.

ప్రశ్న: ట్యాంకు సిమ్యులేటర్ల పోటీలో మా జట్టు గుండు తగిలిందని చూసింది. ఎదుటి జట్టు అప్పటికే గుట్ట చాటుకు వెళ్లామన్నది. శిక్షకుడు నెట్‌వర్కు మీదకు నెట్టి ఇద్దరినీ సమాధానపరిచారు. ఇలాంటప్పుడు నిజం ఎవరిది? (విశ్రాంత సైనికోద్యోగి, కడప)

జవాబు: ప్రమాణం ప్రకారం తీర్పు రెండు భాగాలుగా ఉంటుంది. గుండు ఎక్కడ పేలిందో, ఎవరికి తగిలిందో పేల్చినవారి సిమ్యులేటరు తాను చూస్తున్న దృశ్యాన్ని బట్టి ప్రకటిస్తుంది. తగిలిన దెబ్బకు ఎంత నష్టం జరిగిందో తగిలించుకున్న సిమ్యులేటరు తేలుస్తుంది. కనుక గుట్ట చాటుకు వెళ్లిన ట్యాంకు కూడా, పేల్చినవారి తెరపై ఇంకా బయట కనబడుతూ ఉంటే, దెబ్బ తిన్నట్లే. ఆటల సర్వర్లు కూడా పేల్చిన క్షణానికి కాలాన్ని వెనక్కు తిప్పి చూసి పేల్చినవారి పక్షమే వహిస్తాయి. ఆ రంగంలో కూడా ఇదే తగాదా ఉంది.

అయితే మీ సంగతిలో నాకు నెట్‌వర్కు మీద అంత అనుమానం లేదు. సెకనుకు 10 మీటర్ల వేగంతో గుట్ట చాటుకు పోయే ట్యాంకు, 100 మిల్లీసెకన్ల జాప్యంలో 1 మీటరు మాత్రమే కదులుతుంది. ట్యాంకు పొడవే అంతకు చాలా రెట్లు. ట్యాంకంతా గుట్ట చాటున ఉందని ఒకరూ బయట ఉందని ఒకరూ అంటే, వారిద్దరి దగ్గర ఉన్న గుట్టలే వేరు కావచ్చు. ఒకే ఎత్తుల పటం నుంచి ఇద్దరు తయారీదారులు త్రిభుజాలు కూర్చి భూతలాన్ని నిర్మిస్తే, ఒకరి గుట్ట మరొకరిదాని కన్నా మీటరో రెండు మీటర్లో పొట్టిగా వస్తుంది. అప్పుడు ఒకరికి ట్యాంకు కనబడుతుంది, మరొకరికి కనబడదు. కాలంతో నిమిత్తం లేకుండా అదే చోట, అదే గుట్ట దగ్గర, మళ్లీ మళ్లీ తగాదా వస్తున్నదా అని అడిగి చూడండి. వస్తే అది భూతలపు దోషం. నెట్‌వర్కు దోషం చోటు చూసి రాదు, రద్దీ చూసి వస్తుంది.

ప్రశ్న: తీగ చేరని స్థావరాన్ని ఉపగ్రహం ద్వారా కలపవచ్చునా? (విశాఖపట్నం)

జవాబు: ఏ పనికి అన్నదాన్ని బట్టి ఉంటుంది. భూస్థిర ఉపగ్రహం 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. పైకి పోయి కిందకు రావడానికే పావు సెకను పడుతుంది. రెండు చివరలా సిమ్యులేటర్ల వాటా కలిపితే 300 మిల్లీసెకన్ల గీత దాటినట్లే. కమాండ్ పోస్టు అభ్యాసాలకూ, పటంపై నడిచే పెద్ద యుద్ధక్రీడలకూ, మీట నొక్కి మాట్లాడే రేడియో సంభాషణలకూ అది అడ్డు కాదు. ఫార్మేషన్‌కూ, గాలిలో ఇంధనం నింపడానికీ, దగ్గరి కాల్పులకూ పనికిరాదు. 550 కిలోమీటర్ల ఎత్తున తిరిగే కొత్త తరం ఉపగ్రహాలలో సగటు జాప్యం బాగా తక్కువే గానీ, ఒక ఉపగ్రహం నుంచి మరొకదానికి మారినప్పుడల్లా అది ఎగుడుదిగుడవుతుంది కనుక పైన చెప్పిన అతి ఆలస్యపు పాకెట్ల లెక్క అక్కడ మరింత అవసరం. సాధ్యమైనచోట అభ్యాసాన్నే సర్దుకోండి: అంటిపెట్టుకుని పనిచేసే జంటను ఒకే స్థావరంలో కూర్చోబెట్టి, వారికి దూరంగా ఎగిరే శత్రువునూ, రాడార్ నియంత్రకుడినీ ఉపగ్రహం అవతల ఉంచండి.